డిష్షుకు బోరు వంతు

టెలిఫోను తీగ శామీర్‌పేట రోడ్డు వరకు వచ్చి ఆగిపోయింది. దేవరయాంజాల్ అవతల, పొలాల మధ్య ఉన్న మా ఇంటి దాకా రావాలంటే స్తంభాలు వేయాలన్నారు. వేసే ఓపిక వాళ్ళకు లేదు, ఎదురుచూసే ఓపిక మా చిన్నన్నకు లేదు. ప్లాట్ల వ్యాపారంలోకి కొత్తగా దిగిన రోజులవి. ఎవరో చెబితే విని, మిద్దె మీద పెద్ద డిష్షు పెట్టించి, ఇంటర్నెట్‌ను నేరుగా ఆకాశం నుంచే దింపాడు.

దానికి ఒక హద్దుంది. నెలకు ఇంత డేటా అని ఇస్తారు. అది అయిపోయిందంటే, మళ్ళీ ఒకటో తారీఖు వచ్చేదాకా పేజీలు పాకుతూ వస్తాయి. మాది ముగ్గురు అన్నదమ్ముల సంసారం, ఒకటే వంట, ఒకటే కంప్యూటర్. నెల సగం కాకముందే డేటా అయిపోయేది. అందులో పెద్ద వాటా చిన్నన్నదే. ఉపగ్రహం తీసిన ఫొటోల మ్యాపు తెరిచి, మిద్దె ఎక్కితే కనిపించే మా పొలాన్నే పైనుంచి చూసి మురిసిపోయేవాడు.

"నీ పొలం యాడికన్న పోతదారా? ఉందా లేదా అని రోజు సూస్తున్నవా?" అని పెద్దన్న ఎగతాళి చేసేవాడు.

గొడవ ముదిరాక పంపకం నాకు అప్పజెప్పారు. నా చదువు పదో తరగతితో ఆగిపోయినా, గుంటలూ గజాలూ నోటిలెక్కతో తేలుస్తానని ఇంట్లో పేరు. దారి మాత్రం మా అవ్వ, అంటే నాయిన తల్లి, చూపించింది.

"గింత దానికి పరేషాన్ ఎందుకు బిడ్డా? బోరుకు వంతు లేదా? గదే వెట్టు."

మా బోరు వంతు నియమాలు పాతవి. నీ వంతులో పారిన నీళ్ళు నీవి. వాడుకోకపోతే పోయినట్టే. రేపటికి దాచుకోవడం, ఇంకొకరికి ఇవ్వడం ఉండవు. వాటినే డిష్షుకూ పెట్టాను. ఒక రోజు పెద్దన్నది, మరునాడు చిన్నన్నది, ఆ తర్వాతి రోజు నాది. ఇంతకన్నా న్యాయం ఉండదని నాకు నేనే మెచ్చుకున్నాను.

అయితే వాన కురుస్తున్నా, వంతు పోతుందని మడి తడుపుకునే జాతి మాది. ఆ సంగతి లెక్కలోకి రాలేదు. పనేమీ లేకపోయినా పెద్దవదిన తన రోజున రకరకాల టిఫిన్ల ఫొటోలు దింపుకునేది. వండేది మాత్రం ఉప్మాయే. నేను, ఏమీ తోచక, పంచాంగం దింపాను. ఎదురుగా గోడకు ఒకటి వేలాడుతూనే ఉంది. డేటా ఇదివరకటికన్నా ముందే అయిపోయింది.

సరిగ్గా ఆ నెలలోనే పెద్దన్న బిడ్డ ఇంజనీరింగ్‌కు ఆప్షన్లు పెట్టాల్సి వచ్చింది. ఏ కాలేజీ ముందు, ఏది తర్వాత అన్న వరస ఇంటర్నెట్‌లోనే ఇవ్వాలి, దాన్ని బట్టే సీటు. పెద్దన్న వరస తేల్చేశాడు. మొదటిది గండిమైసమ్మ దగ్గరి కాలేజీ. పొద్దున బస్సెక్కితే సాయంత్రానికి పిల్ల ఇంట్లో ఉంటుంది. పిల్లకేమో వరంగల్ వెళ్ళాలని. ఆ మాట ఒకసారి అని, తండ్రి మొహం చూసి మళ్ళీ అనలేదు.

ఆఖరి రోజు పెద్దన్న వంతే. సాయంత్రానికి గడువు. పొద్దున్నుంచి కూర్చున్నా పేజీ సగం కూడా దిగలేదు.

"నాయినా, మేడ్చల్ నెట్ సెంటర్‌కు పోయొస్త. జల్దీ అయిపోతది," అంది పిల్ల.

"ఇంటి మీద గంత డిష్షు వెట్టుకోని, మేడ్చల్ల లైన్ల నిలబడ్తవా? నలుగురు ఏమనుకుంటరు?"

పిల్ల ఇంకాసేపు తెర వంక చూసి, తన నంబరూ పాస్‌వర్డూ నాకు చెప్పి లేచింది. "నువ్వు సూస్తుండు చిన్నాయినా. నేను గుడికి పోయొస్త. సీటు రావాలని మొక్కుకుంట."

దేవుడి మాట వచ్చాక పెద్దన్న కాదనలేకపోయాడు.

నేను బొమ్మలు రాకుండా ఆపేసి, అక్షరాలు మాత్రమే దిగేలా పెట్టాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇల్లంతా కంప్యూటర్ చుట్టూ చేరింది. ఎండ వాలుతుండగా పేజీ తెరుచుకుంది. ఖాళీగా ఉండాల్సిన వరస నిండి ఉంది. మొదటిది వరంగల్. రెండోదీ వరంగలే. గండిమైసమ్మ కాలేజీ అట్టడుగున, మర్యాదకు పిలిచిన చుట్టంలా కూర్చుంది.

"ఏందిరా గిది?" అన్నాడు పెద్దన్న.

"ఆప్షన్లు వెట్టుడు అయిపోయిందన్నా. ఇందాకనే."

"ఎవరు వెట్టిన్రు?"

"దేవుడే వెట్టిండు," అన్నాడు చిన్నన్న. "పిల్ల గుడికి పోయింది గద!"

"మార్చు," అన్నాడు పెద్దన్న నాతో. మార్చడానికి నొక్కాను. తెర తెల్లబడింది, అలాగే ఉండిపోయింది.

"ఇందాక పట్టిన టైం జూస్తే, గిది తెరుసుకునేసరికి గడువు దాటిపోతది అన్నా."

"అయితే బండి తీయ్. మేడ్చల్ పోదాం."

మంచం మీద పడుకుని ఉన్న అవ్వ కళ్ళు తెరవకుండానే అంది. "మేడ్చల్ల లైన్ల నిలబడ్తవా బిడ్డా? నలుగురు ఏమనుకుంటరు?"

బండి తాళం చెవి పెద్దన్న చేతిలోనే ఉంది. ఆయన మాత్రం కుర్చీలోంచి లేవలేదు. పిల్ల కుంకుమ పొట్లంతో వచ్చింది. అంటే, గుడికి కూడా వెళ్ళిందన్నమాట. గుమ్మంలోనే ఆగిపోయింది. ఆయన చాలాసేపు తాళం చెవిని తిప్పుతూ కూర్చుని, చివరికి ఒకటే అడిగాడు.

"అన్నం తిన్నవా?"

సీటు వచ్చింది, వరంగల్‌లోనే. పిల్ల హాస్టల్‌కు వెళ్ళిన తర్వాత వచ్చిన ఒకటో తారీఖున వంతు పెద్దన్నది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని మ్యాపు తెరవమన్నాడు. శామీర్‌పేట దాటించాడు, పొలాలు దాటించాడు. వరంగల్‌లో ఒక మిద్దె దగ్గర ఆపమన్నాడు.

"ఇంకొంచెం దగ్గరికి తీయ్."

దగ్గరికి తీస్తే మసకే కనబడింది. ఆ ఫొటో పిల్ల అక్కడికి వెళ్ళకముందు ఎప్పుడో తీసింది. ఆ సంగతి నాకు తెలుసు, చెప్పలేదు. ఆయన వంతు మొత్తం ఆ మిద్దె మీదే అయిపోయింది.

మరునాడు చిన్నన్న వంతు. ఎగతాళి చేస్తాడనుకున్నాను. కంప్యూటర్ ఆన్ చేసి, కుర్చీ కాస్త జరిపి, "కూసో అన్నా," అని బయటికి వెళ్ళిపోయాడు.