చందాపుర సిగ్నల్లో నా కోడలు ఎవరికి దారి ఇచ్చింది?

దెయ్యాలూ గాలీ ధూళీ అంటే నాకు నమ్మకం లేదు. అమాసకి కూడలిలో దిష్టి తీసి పారేసిన నిమ్మకాయలు కనపడితే, మంచి కాయలు మట్టిపాలు చేసినారే అని తిట్టుకుంటూ పోయేదాన్ని. నేను చదివింది మూడో తరగతి. కంటికి కనపడిందే చెప్తాను. ఇది ఒక్కటే కనపడనిదాని గురించి.

మేముండేది కన్నడ సీమలో, హెబ్బగోడిలో. మా మనవరాలు లహరికి కాలేజీ ప్రవేశపరీక్ష చందాపుర అవతల పడింది. టైముకి గేటు మూసేస్తే మళ్ళీ తీయరు. పిల్ల ఏడాదంతా నిద్ర మానుకొని చదివింది ఆ పరీక్ష కోసమే.

కారు మా కోడలు రమ తోలింది. నా కొడుకు గిరికి తోలడం రాక కాదు. తొందర పుడితే వాడి చెయ్యి హారన్ మీద నుంచి లేవదు, సందు కనపడితే దూరుస్తాడు. అందుకే అమ్మే తోలాలని పిల్ల పట్టుబట్టింది. నేను ఊరికే ఎవర్నీ మెచ్చుకోను. కానీ రమ చేతిలో బండి చూస్తే ముచ్చటేస్తుంది. హారన్ కొట్టదు. ఎవడైనా అడ్డం దూరితే పోనీలే అంటుంది. సిగ్నల్ దగ్గర ఇంజను ఆపేస్తుంది, పెట్రోలు దండగ చేయదు.

ఆ పొద్దు బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ బస్సులన్నీ ఒకేసారి రోడ్డెక్కి బండ్లు కదల్లేదు. సర్వీసు రోడ్డులో ఎదురు పోదామని గిరి ఒకటే పోరు. రమ వినలేదు.

చందాపుర సిగ్నల్లో ముందు వరస మాదే. పచ్చలైటు పడింది. రమ ఇంజను స్టార్టు చేయలేదు.

"పోనీవే, గేటు మూసేస్తారు" అన్నాడు గిరి.

"ఆయమ్మని దాటనీండి. మూట జారింది పాపం, సర్దుకుంటా ఉండాది."

నేను సీట్ల మధ్య నుంచి తొంగి చూసినాను. కంటి ఆపరేషన్ అయ్యి కొత్త అద్దాలు పెట్టుకున్నాను కాబట్టి చూపుకి లోటు లేదు. తెల్లగీతల మీద ఎవరూ లేరు. వెనక హారన్లు చెవులు బద్దలు కొడుతున్నాయి. బైకులు మా పక్కనుంచి దూరిపోయినాయి. అన్నీ ఒకేచోట వంగి, దేన్నో చుట్టి పోయినట్టు పోయినాయి. గుంత ఉందేమో అనుకున్నాను. తర్వాత మేమూ అక్కడే దాటినాము. గుంతా లేదు, రాయీ లేదు.

ఎర్రలైటు మళ్ళీ పడింది. లహరి ఏడుపు మొదలుపెట్టింది. గిరి పెళ్ళాన్ని అనరాని మాటలన్నాడు. రమ చెయ్యి వెనక్కి చాపి పిల్ల మోకాలు నిమిరింది, అంతే.

నా కిటికీ పక్కన ఒక ఆటో కూడా కదల్లేదు. నువ్వెందుకు నిలిపినావప్పా అని డ్రైవరుని కన్నడంలో అడిగినాను. నా యాస పట్టుకొని అతను తెలుగులోనే చెప్పినాడు, కరివేపాకు మూట ఎత్తుకున్న ఆయమ్మ నడిమధ్యలో నిలబడిపోతే ఎట్ల పోయేదమ్మా అని. మూటలో ఏముందో రమ అప్పటికి చెప్పలేదు.

మళ్ళీ పచ్చలైటు పడినాక పోతే, కాలేజీ వాచ్‌మన్ గేటు లాగుతుండగా లహరి లోపలికి దూరింది.

కాంపౌండు గోడ నీడన కూర్చున్నాక, ఆ మూటలో ఏముండింది అని రమని అడిగినాను. కరివేపాకు అంది. పసుప్పచ్చ చీర, వంగిన నడుము, అన్నీ చెప్పింది.

గిరికి కోపం దిగిపోయింది. "ఆత్రంలో ఉండేవాళ్ళకి లైటు తప్ప ఏం కనపడతాదిమా" అన్నాడు.

"లైటు చూసింది నువ్వురా. నేను చూసింది రోడ్డు" అన్నాను.

ఆమె నిజంగా కనపడిందా అని రమని మళ్ళీ అడిగినాను.

"కనపడకపోతే నా బిడ్డ పరీక్ష పెట్టుకొని బండి ఆపుతానా అత్తా?" అంది.

వెనక అంత గోల, పక్కన మొగుడి తిట్లు, బిడ్డ ఏడుపు. అన్నిటి మధ్యా ముక్కూ మొహం తెలియని మనిషికి మూట సర్దుకునే వ్యవధి ఇచ్చింది నా కోడలు. లేని మనిషి కోసం ఏ తల్లీ అంత పని చేయదు. ఉన్న మనిషే అయితే నాకెందుకు కనపడలేదో, ఈ పొద్దుటికీ నాకు తెలియదు.