సారు గొంతు, నా తొందర

మా సారు పోయారు. వేలూరు బస్టాండులో టీ తాగుతుంటే ఆయన భార్య ఫోను చేశారు. "మీ సారు పోయినారప్పా, వచ్చేయి" అన్నారు, అంతే. ఏడుపు రాలేదు. కాళ్లు మాత్రం ఒకచోట నిలవలేదు. గుడియాత్తం బస్సులో సీటు దొరికినా కూర్చోలేక, దారంతా కమ్మీ పట్టుకుని నిలబడే వెళ్లాను.

ఆయన మాకు కాలేజీలో ఇంగ్లీషు చెప్పారు. గుడియాత్తంలో మగ్గాల వీధిలో పుట్టిన మనిషి. నాలాగే ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరాలు పెద్దయ్యాక సొంతంగా నేర్చుకుని, తర్వాత నాకూ నేర్పారు. ఆయన లేకపోతే నేను ఈ నాలుగు ముక్కలూ రాసేవాణ్ణే కాదు.

ఆయన పిచ్చంతా గోథిక్ నవలల మీద. పాడుబడ్డ కోటలు, శవాల ముక్కలు కుట్టి మనిషిని చేసే డాక్టర్లు, అబ్బబ్బ! మేం భూతం దగ్గర జడుసుకుంటే ఆయన బల్ల మీద కొట్టేవారు. "భూతాన్ని చూసింది చాలు, దాన్ని చేసినోణ్ణి చూడండప్పా! దానికీ నిద్ర లేదు, వాడికీ లేదు. దానికీ ఎవురూ లేరు, వాడికీ లేరు. తరిమేది ఎవురు, పారిపోయేది ఎవురు?"

ఒకసారి మగ్గం సంగతి చెప్పారు. "మగ్గం మీద పాత పడుగు దారాల కొసలకే గదా మనోళ్లు కొత్త పడుగు అతికేది! ఒకటి లాగితే రెండోది కదలతాది. ఆ డాక్టరు తెంచుకోని పోదామనుకున్నాడు, కుదర్లా." క్లాసంతా నవ్వింది. ఆయన నవ్వలేదు.

నేను దయ్యాల కథలు రాయడం మొదలుపెట్టింది ఆయన వల్లే. చిక్కూ అక్కడే వచ్చింది. మాట, దగ్గు, మధ్యలో "ఏమప్పా" అనడం, అన్నీ ఆయనవే అంటించుకున్నాను. "అచ్చం సారు మాదిరే మాట్లాడతా ఉండావే!" అని ఎవరన్నా అంటే ఒళ్లు మండేది. ఎంత ప్రేమ ఉంటే మాత్రం, ఒక మనిషి లోపల ఇంకో మనిషి ఎంతకాలమని ఉంటాడు?

మొన్న చివరిసారి కథ పట్టుకెళితే సగం చదివి పక్కన పెట్టారు.

"ఇది నేను రాసినట్టుండాదే. నీది యాడప్పా?"

కోపంగా అనలేదు, భయంగా అన్నారు. తాను చేసినది లేచి నిలబడితే ఆ కథల్లో డాక్టరు ఎలా చూస్తాడో, అలా చూశారు. "నాది కనబడితే ముందు మీకే తెస్తాను సార్" అని విసురుగా లేచి వచ్చేశాను. ఇప్పుడు ఎవరికి తెచ్చేది?

కర్మలయ్యాక మళ్లీ వెళ్లాను. అమ్మ, అంటే సారు భార్య, ఒక పుస్తకం నా చేతిలో పెట్టారు. ఆమెకు తెలుగు చదవడం రాదు. రోజూ సాయంత్రం సారే చదివి వినిపించేవారట. కథ సగంలో ఆగిపోయింది.

"ఆ పిల్ల కోటలోనుంచి బయటపడిందా లేదా, చూడు నాయనా."

చదివాను. ఆమె గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నారు. ఒక పేజీ అయ్యేసరికి చెయ్యెత్తి ఆపారు.

"గొంతు ఆయనదే. ఐతే ఆయన ఇంత బిరబిరా చదవరు."

నాదంటూ ఒకటుందన్నమాట, ఈ తొందర! ఆమె మాత్రం కళ్లు తెరవలేదు, ఎదురుచూస్తున్నారు.

పేజీ వెనక్కి తిప్పాను. మొదటి వాక్యం కింద వేలు పెట్టి, ఒక్కో మాటే, నిదానంగా చదవడం మొదలుపెట్టాను.