వీపు రుద్దే ప్రశ్న

“నన్నడుగుతుంటే మధ్యలో నీ నోరేటే? నొప్పి నాదా, నీదా?”

“నొప్పి నీదే అత్తా. అబద్ధం సెప్తే మాత్రం ఎలా ఊరుకుంటాను? నీ సెయ్యి ఎనక్కి తిరగడం నేదు. రోజూ సూత్తన్నాను.”

కోడలితో నాకు ఈ వాదులాట మా అరుగు మీదే, టెక్కలి నుంచి వచ్చిన ఫిజియోథెరపీ పిల్ల ముందే జరిగింది. భుజం నొప్పి ఉన్నవాళ్లను అడిగే ప్రశ్నలను ఇంగ్లీషులోంచి తెలుగులోకి మార్చారట. అవి మన ఊళ్లలో పనికొస్తాయో లేదో తేల్చుకోవడానికి, మొన్న ఆసుపత్రిలో నన్ను అడిగినవే మళ్లీ అడగడానికి వచ్చింది. భుజం నొప్పి మారకపోతే జవాబూ మారకూడదట. నా మాట నమ్మలేదా అని నేను ముఖం ముడుచుకుంటే, పరీక్ష నాకు కాదు, ప్రశ్నలకేనంది. నా చదువు రెండో తరగతితో సరి. ఆమె చదువుతుంటే నేను చెప్పాను.

తాళం తిప్పడం, అటక మీద సామాను పెట్టడం లాంటి ప్రశ్నలన్నీ సవ్యంగానే నడిచాయి. మీ వీపు మీరు రుద్దుకోవడం కష్టమా అన్నప్పుడు కాదన్నాను. కోడలు అడ్డు తగిలింది అక్కడే.

అబద్ధం కాదది. నా వీపు నేనెప్పుడు రుద్దుకున్నాను గనక? కాపురానికి వచ్చిందగ్గర్నుంచీ ఆ పని నా తోడికోడలిది. జీడితోట నుంచి వచ్చి, నూతి దగ్గర ఒకరి వీపు ఒకరం రుద్దుకునేవాళ్లం. సబ్బు కొననిచ్చేదాన్ని కాదు. కొబ్బరి పీచు ఊరికే దొరుకుతుంటే సబ్బెందుకు? నా చెయ్యి మొరటు. “అక్కా, ఇది వీపనుకున్నావా, అట్ల పెనమనుకున్నావేటి?” అని వంగిపోయి నవ్వేది. ఆ నవ్వు వినాలనే ఇంకాస్త గట్టిగా రుద్దేదాన్ని.

కిందటి వానల్లో ఆమె పోయింది. అప్పట్నుంచి వీపు మీద నీళ్లు గుమ్మరించుకుని వచ్చేస్తున్నాను. కోడలు వస్తానంటే స్నానాల గదికి గడియ పెట్టేస్తున్నాను. ఒకసారి కోడలితో చేయించుకుంటే ఇక మంచాన పడినట్టేనని నా భయం.

తోడికోడలి సంగతి ముక్తసరిగా చెప్పాను. ఆ పిల్ల కలం ఆపింది. ఈ ప్రశ్న ఇక్కడి ఆడవాళ్లకు కుదరడం లేదని తమ మేడమ్‌కు చెబుతానంది. తర్వాత మెల్లగా అడిగింది:

“మరిప్పుడు ఎవరు రుద్దుతున్నారు మామ్మా?”

“ఎవలూ నేదు,” అన్నాను.

కోడలు తల తిప్పుకుంది. ఆ పిల్ల ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున గడియ పెట్టలేదు. కోడలు కొత్త సబ్బు, కొబ్బరి పీచు పట్టుకుని వచ్చింది. సబ్బు లోపల దాచెయ్యమన్నాను. పీచుతో నా వీపు రుద్దింది.