షబానా దాచుకున్న గుడ్డు

కోడిగుడ్లు ఉడికే వాసన వస్తే నాకు తాండూరులోని మా సర్కారు బడి గుర్తొస్తుంది. మూడో తరగతిలో నా పక్కన కూర్చునే షబానా, మధ్యాహ్న భోజనంలో పెట్టే గుడ్డు తినకుండా సంచిలో దాచుకునేది. అది దొంగతనమనుకొని టీచరమ్మకు చెప్పాను.

ఆమె కోప్పడలేదు. "గుడ్డు నీకోసమే బిడ్డా. ఇక్కడ్నే తిను," అంది. అందరం చూస్తుండగా షబానా తలొంచుకొని తిన్నది. నాకు గొప్పగా అనిపించింది.

సాయంత్రం ఇద్దరం కలిసే ఇంటికి నడిచాం. నాపరాళ్లు పరిచిన సందు చివర ఆమె చిన్న తమ్ముడు ఎదురొచ్చి, సంచిలో చెయ్యిపెట్టి వెతికాడు.

"ఇయ్యాల లేదురా," అంది షబానా. "మళ్ల పెట్టినప్పుడు తెస్త."

అప్పుడు కూడా టీచరమ్మ దగ్గరుండి తినిపిస్తుందని మా ఇద్దరికీ తెలుసు. చెప్పింది నేనేనని షబానాతో ఎన్నడూ అనలేకపోయాను.