డ్రైవరు కాళ్లు, మా కాళ్లు

గల్ఫ్‌లో, సిత్రాలోని మా లేబర్ క్యాంపు ఫుట్‌బాల్ టీముకు నేనే కెప్టెన్‌ని. ఎండలు కాస్త తగ్గగానే చుట్టుపక్కల క్యాంపుల మధ్య శుక్రవారం పోటీలు మొదలవుతాయి. మొదటి మ్యాచుల్లో తెగించి ఆడకూడదన్నది నా పద్ధతి. ముందు ఓడిపోకుండా చూసుకోమని డిగ్రీ కాలేజీలో మా పీడీ సారు నూరిపోశాడు. పైగా మావాళ్లంతా పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పనివాళ్లు. ఎండాకాలమంతా ఇనుప పైపులు మోసిన కాళ్లను మొదట్లోనే పరుగెత్తిస్తే పట్టేస్తాయి. అందుకని అందరం మా గోలు ముందే కాపు కాసి, డ్రా చేసుకుని వచ్చేవాళ్లం.

ఈ ఏడు హైదరాబాద్ నుంచి ఒక డ్రైవర్ దిగాడు. పొద్దున మమ్మల్ని సైటులో దింపడం, సాయంత్రం ఎక్కించుకు రావడం, అదీ వాడి డ్యూటీ. మా టీములోనూ చేరాడు. ఏసీ బండిలో కూర్చునేవాడి కాళ్లకేం రోగం? వాడు నవ్వితే క్యాంపంతా నవ్వేది. నాకు ఒళ్లు మండేది. దాచుకోవడమెందుకు, కుళ్లుకున్నాను.

మొదటి మ్యాచ్ ముందురోజు మెస్సులో అన్నం తింటుంటే వాడే మాట కదిపాడు.

"అన్నా, డ్రా కోసం గ్రౌండు దాకా పోవుడెందుకు? రూముల పండుకుంటె అయిపాయె. రేపు మీదవడి ఆడుదం."

"నీకేం భాయ్, స్టీరింగ్ తిప్పుతవు. ఒక్కరోజు పైపులు మోసి చూడు, తెలుస్తది," అన్నాను.

మావాళ్లు నవ్వుతారనుకున్నాను. ఒక్కడూ నవ్వలేదు. నా పక్క మంచం జగిత్యాలాయన పప్పు కలుపుకుంటూ, "ఒక్కసారి చూద్దం తియ్యే," అన్నాడు. మిగతావాళ్లూ తలలూపారు. కెప్టెన్ అంటే జీతమా, బత్తెమా? ఏమీ లేదు. కానీ సైటులో రోజంతా తిట్లు తినే నన్ను ఇక్కడ పదిమంది అడిగి నడుచుకునేవారు. అదీ పోతుందని భయమేసింది.

మర్నాడు మీదపడే ఆడాం. మూడు గోల్స్‌తో గెలిచాం, రెండు వాడివే. వాడిని భుజాల మీద మోసుకొచ్చారు. నేనూ తిట్టుకుంటూనే పరుగెత్తాను.

శనివారం పొద్దున చూడాలి మావాళ్ల అవస్థ! పిక్కలు పట్టేసి నిచ్చెన ఎక్కలేకపోయారు. కింద నుంచి ఫోర్‌మన్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతూ ఒకటే అరుపులు. తిక్క కుదిరిందని లోలోపల సంబరపడ్డాను. సాయంత్రం అందరూ వాడి మీద విరుచుకుపడతారని ఆశగా రూముకొచ్చాను.

వీళ్లేమో వేడినీళ్ల కాపడం పెట్టుకుంటూ "రెండో గోలు చూసినవా, గోల్‌కీపర్ బొక్కబోర్లా పడ్డడు!" అని పగలబడి నవ్వుతున్నారు. ఇన్నేళ్ల నా డ్రాల గురించి ఈ రూములో ఎవడూ ఒక్క మాట చెప్పుకోలేదు.

ఇంతలో వాడే బామ్ డబ్బా పట్టుకొచ్చి నా మంచం మీద కూర్చున్నాడు. వద్దంటున్నా నా కాలు ఒళ్లోకి లాక్కుని రుద్దసాగాడు. నొప్పి సరిగ్గా ఎక్కడుందో అక్కడే వాడి బొటనవేలు పడింది. ఛీ, ఇదీ బాగానే వచ్చు వెధవకి.

"వచ్చే శుక్రవారం ఎట్ల ఆడుదమన్నా?" అని అడిగాడు.

"నిమ్మలంగ. ఎనకనే ఉండి ఆడుదం," అన్నాను.

ఒక్కడూ నా వైపు చూడలేదు, అందరూ వాడి వైపే చూస్తున్నారు. వాడు డబ్బాలోంచి ఇంకాస్త బామ్ తీసి నా పిక్కకు రాశాడు.

"సరే, అన్న చెప్పినట్టే చేద్దం," అన్నాడు.

అప్పుడు అందరూ సరేనన్నారు.