కాల్చడానికి ఎగరేసిన విమానాలు

కాలేజీలో నేను క్యాడెట్ల వైమానిక విభాగంలో ఉండేదాన్ని. తేలికపాటి చెక్కతో చేసిన చిన్న విమానాలను రేడియోతో ఎగరేయడం అక్కడే నేర్చుకున్నాను. చేతిలో ట్రాన్స్‌మిటర్, దాని మీద విమానాన్ని తిప్పే రెండు పుల్లలు. విమానం మనకు దూరంగా పోతున్నంతసేపూ అంతా సులువే. మన వైపు తిరిగిందంటే మాత్రం కుడి ఎడమవుతుంది, ఎడమ కుడి అవుతుంది. అందరూ విమానాలు విరగ్గొట్టుకునేది అక్కడే. నేనూ విరగ్గొట్టాను. కొన్నాళ్ళకు, ఆలోచించే పని లేకుండా వేళ్ళే అటూ ఇటూ సర్దుకోవడం మొదలుపెట్టాయి.

చదువైపోయింది, పెళ్ళయింది. మా నాన్నది గోదావరి జిల్లా, పోర్టులో ఉద్యోగం. మా ఆయన వాళ్ళది విజయనగరం వైపు పల్లె. ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టుల మీద పనిచేసేవారు. నేను ద్వారకా నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ పాఠాలు చెప్పేదాన్ని. తొంభైల చివరి రోజులవి. కాలేజీ రోజుల్లో చేసుకున్న నా విమానం అటకెక్కింది. ఎప్పుడైనా ఆదివారం పూట దించి ఇంజన్ తిప్పితే, ఇంధనంలో కలిపే ఆముదం కాలి ఇల్లంతా వాసన వేసేది.

"ఆముదం దీపంలో పోత్తారు గానీ ఇమానంలో పోత్తారేటమ్మా?" అంటూ మా అత్తగారు కిటికీలన్నీ తెరిచేవారు.

ఒకరోజు, కాలేజీలో నాకు ఎగరేయడం నేర్పిన మాస్టారు కోచింగ్ సెంటర్‌కి ఫోన్ చేశారు. రక్షణ శాఖకు పనిచేసే ఒక ప్రైవేటు కంపెనీ మనుషుల కోసం వెతుకుతోందట. ఓడల మీదున్న ఫిరంగులు పేల్చడం సాధన చేసేవాళ్ళకు ఆకాశంలో ఒక గురి కావాలి. ఆ గురి, పైలట్ లేని విమానం. ఒడ్డున నిలబడి దాన్ని రేడియోతో నడపాలి. ఇప్పుడైతే డ్రోన్ అంటారు, అప్పట్లో మేం టార్గెట్ అనేవాళ్ళం. యూనిఫాం వేసుకోనక్కర్లేదు, ఎగరేయడం వస్తే చాలు.

"ఎల్లి సూడు. పోయేదేటుంది?" అన్నారు మా ఆయన. పరీక్ష రోజున ఆయనకు పొద్దుటి షిఫ్టు కావడంతో అత్తగారు నాకు తోడొచ్చారు.

భీమిలి దాటాక, సరుగుడు తోట పక్కన ఇసుకలో పరీక్ష. వచ్చినవాళ్ళలో నేనొక్కదాన్నే ఆడదాన్ని. కంపెనీ తరఫున పరీక్ష పెట్టింది ఒక రిటైర్డ్ అధికారి.

"ఇది ఆఫీసులో కూర్చునే పని కాదమ్మా, తెలుసు కదా?" అన్నాడాయన.

"తెలిసే వచ్చాను సార్."

వాళ్ళ విమానం నాదానికి రెండింతలుంది. సముద్రం మీదికి పంపి, తిప్పి, మళ్ళీ ఒడ్డు వైపు తెస్తున్నాను. ఉన్నట్టుండి ఇంజన్ దగ్గి ఆగిపోయింది. ఇక గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. అలాంటప్పుడు, ఎలాగైనా ఒడ్డుకు చేరాలని ముక్కు పైకెత్తాలనిపిస్తుంది. ఎత్తితే వేగం చచ్చి రాయిలా పడుతుంది. నేను ముక్కు దించాను.

"ఓలమ్మా, పడిపోతన్నాదే!" అని వెనక నుంచి అత్తగారి కేక.

విమానం తడి ఇసుక మీద జారుకుంటూ వచ్చి ఆగింది. ఒక రెక్క చివర విరిగింది. ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆ అధికారి తాపీగా నడిచి వెళ్ళి ఆ విరిగిన ముక్క ఏరుకొచ్చాడు.

"ఇంత జాగ్రత్తగా దించారు. కానీ ఇక్కడ దీన్ని ఎగరేసేదే కాల్పించడానికి. మీకు బాధనిపించదా?"

"అనిపిస్తుంది సార్. అయినా సూటిగానే ఎగరేస్తాను."

ఆయన ఆ ముక్కను నా చేతిలో పెట్టి, "సోమవారం నుంచి రండి" అన్నాడు.

తిరుగు బస్సులో అత్తగారికి సందేహం వచ్చింది. "కాల్సీడానికైతే మరి సెయ్యడం ఎందుకు?" శత్రువు విమానం వస్తే గురి తప్పకూడదు కదా, అందుకు అలవాటు చేసుకోవడం అని చెప్పాను. మధురవాడ దాకా ఆలోచించి, "అయితే నువ్వు శత్రువు ఏసం కడతన్నావన్నమాట" అన్నారు. నా ఉద్యోగం గురించి అంతకంటే బాగా నేనెవరికీ చెప్పలేకపోయాను.

మొదటి కాల్పుల రోజున ఓడ దూరంగా బూడిదరంగు చుక్కలా ఉంది. ముందు పొగ కనిపించేది, చప్పుడు తర్వాత వచ్చేది. నా విమానం చుట్టూ నల్లటి మబ్బు తునకలు విచ్చుకుంటున్నాయి. వేళ్ళు పక్కకు తప్పించమంటున్నాయి. తప్పించకూడదు. నిలకడగా, ఒకే ఎత్తులో, ఒకే గీత మీద పోనివ్వాలి. మొదటిసారి గురి తప్పింది. నాకు లోపల సంతోషం కలిగింది. ఎవరికీ చెప్పలేదు. తిప్పి మళ్ళీ తెచ్చాను. ఈసారి పుల్ల కదిపితే అటునుంచి జవాబు లేదు. పైన రెండు ముక్కలు, వేర్వేరుగా, నెమ్మదిగా నీళ్ళలోకి దిగిపోయాయి.

మావాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను ట్రాన్స్‌మిటర్ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. నాకు పరీక్ష పెట్టిన ఆ పెద్దాయన దగ్గరికొచ్చాడు.

"నేను అటువైపు ఉండేవాణ్ణమ్మా, ఓడ మీద. కాల్చి పడేశాక ఇటువైపు నిలబడ్డవాళ్ళ గురించి ఎప్పుడూ అనుకోలేదు" అన్నాడు. తర్వాత యాంటెన్నా తనే మడిచి, ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు.

ఆ తర్వాత ఎన్ని పడ్డాయో లెక్క పెట్టలేదు. బాధ పూర్తిగా పోలేదు గానీ, సూటిగా ఎగరేయడంలో ఉన్న తృప్తి దాని పక్కన వచ్చి కూర్చుంది. రెండువేల సంవత్సరం దాటిన కొన్నేళ్ళకు, దారి ముందే కంప్యూటర్లో రాసిపెడితే తమంతట తాము పోయే పెద్ద విమానాలొచ్చాయి. నేను ఎండలోంచి తెర ముందుకు మారాను. పాఠాలు చెప్పిన కంప్యూటరే కాబట్టి కొత్త అనిపించలేదు. కొత్తగా చేరినవాళ్ళకు నేర్పే పని కూడా నాకే అప్పగించారు.

ఆ రోజుల్లోనే ఒకసారి సింహాచలం వెళ్ళాం. దర్శనం వరసలో పక్కనున్నావిడ మా అత్తగారిని, "మీ కోడలు ఏటి సేత్తాది?" అని అడిగింది.

"ఇమానాలు నడుపుతాది" అన్నారు అత్తగారు దర్జాగా. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. అత్తగారికి ఒక్క క్షణం అనుమానం వచ్చినట్టుంది, నా చెవి దగ్గరికి వంగి అడిగారు.

"అమ్మా, నువ్వు ఎప్పుడైనా ఎక్కావేటి?"

"లేదత్తయ్యా."

"నానూ ఎక్కలేదు" అని, వరస కదలడంతో నా చెయ్యి పట్టుకుని ముందుకు నడిచారు.