బురద అంటని కాళ్ళు

మారేడ్‌పల్లిలో మా ఆఫీసు ఉండేది. సముద్రానికి అంత దూరాన కూర్చుని, కాకినాడ వైపు తీరంలో అలలకు అడ్డం నిలిచే మడ చెట్లను మళ్ళీ పెంచుతున్నామని ఏటా రిపోర్టు టైపు చేసేదాన్ని. ఒక ఏడు ఆ రిపోర్టుకు అతికించమని ఫొటో ఇచ్చారు. మా ఆఫీసర్లు ఐదుగురు మొక్కలు పట్టుకుని నవ్వుతున్నారు. ఇంటికి తీసుకెళ్ళి అమ్మకు చూపించాను. అమ్మ పుట్టింది ఆ తీరంలోనే. కళ్ళజోడు పెట్టుకుని, మొక్కల్ని వదిలేసి కాళ్ళ వంక చూసింది.

"మడలో దిగితే మోకాళ్ళ దాకా బురదే. వీళ్ళ బూట్లు మెరుస్తున్నాయేంటే?"

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు మా సూపర్‌వైజర్‌ని అడిగేశాను.

"గిట్ల ప్రతిదానికీ శక్ పడితే ఎట్లమ్మా? జెర టైపు చెయ్యి," అన్నాడు.

టైపు చేశాను గానీ, అక్కడ ఒక్క మొక్క కూడా నాటి ఉండరని తేల్చేసుకున్నాను. ఆ దొంగతనం కళ్ళారా చూడాలనే సెలవు పెట్టి రైలెక్కాను.

తీరా వెళ్తే, గట్టు దిగువన నడుమెత్తు మడ పచ్చగా వరసలు తీరి ఉంది. చీరలు ఎగ్గట్టుకున్న ఆడవాళ్ళు బురదలో వంగి, చచ్చిపోయిన మొక్కల చోట కొత్తవి నాటుతున్నారు. ఫొటోలో వీళ్ళు ఒక్కరూ లేరు.

"ఇవన్నీ మీరే నాటారా అమ్మా?" అని గట్టు మీంచే అరిచాను.

ఒకామె నడుం ఎత్తి నిలబడింది. నా మొహం చూడలేదు, చెప్పులు చూసింది.

"మీరూ ఫొటోకే వచ్చారాండీ?" అంది.